రెండో సంతకం

బ్రోకరుకి పెట్టుబడి ఏముంటుంది, నోరుంటే చాలదా అన్నాడు మా ఆయన. నోటికి నా దగ్గర కొరత లేదని ఆయనకు తెలుసు. అది మెప్పో ఎత్తిపొడుపో నేను అడగలేదు.

కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కంపెనీ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు లెక్కలు రాశాను. లైటర్లు వచ్చాక గిరాకీ పడిపోయింది. ముందు ఒక షెడ్డు మూశారు, తరవాత రెండోది, చివరికి ఆఫీసు. చేతికొచ్చిన పి.ఎఫ్. డబ్బు బ్యాంకులో వేసి వడ్డీ తిందామని మా ఆయన లెక్క. నలభై ఆరేళ్ళకే వడ్డీ తింటూ గోడకానుకుని కూర్చునే ఓపిక నాకు లేదు. నేలలు అమ్మిపెట్టే పని చేస్తానన్నాను. నల్లరేగడి ఊళ్ళలో పుట్టి పెరిగినదాన్ని. ఏ పొలం ఎవరిదో, అందులో దాయాదులెవరో, ఏ గట్టు తగాదా ఎప్పుడు మొదలైందో నాకు పుస్తకం చూడకుండా తెలుసు.

నోరొక్కటే చాలదని మొదటి వారంలోనే తేలింది. పొలాలు అమ్మడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదట. లేఅవుట్లలో ప్లాట్లు అమ్మాలంటే మాత్రం ప్రభుత్వం దగ్గర ఏజెంటుగా నమోదు కావాలి. రెండూ చేద్దామనుకున్నాను కనుక నమోదుకే పోయాను. రుసుము వినగానే నేను దరఖాస్తు నింపే కంప్యూటర్ సెంటర్ అమ్మాయి వంక, ఆమె నా వంక చూసుకున్నాం. పాన్ కార్డు, ఆధార్, ఫోటో, ఆఫీసు చిరునామాకి అద్దె ఒప్పందం, మూడేళ్ళ ఆదాయపు పన్ను కాగితాలు కావాలంది. మా కంపెనీ ఇచ్చిన జీతానికి పన్నెక్కడిది? అయితే పన్ను కట్టేంత ఆదాయం లేదని స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయించుకు రమ్మంది. లేనిదాన్నని రుజువు చేసుకోవడానికి కూడా డబ్బు కట్టాలని అప్పుడు తెలిసింది.

ఫోటో ఒకసారి తిరిగొచ్చింది, వెనక తెల్లగా లేదని. స్టూడియోవాడు నీలం తెర వేశాడు, నేను చూసుకోలేదు. మళ్ళీ తీయించాను.

ఆఫీసు ఇంట్లోనే పెట్టుకోవచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇంటికి రావద్దని మా ఆయన పట్టుపట్టాడు. బస్టాండు వెనక సందులో ఒక గది దొరికింది. దాని యజమాని కడంబూరు రైల్వే స్టేషన్లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. పది నెలల అద్దె అడ్వాన్సు అన్నాడు, ఒక్క నెల కూడా తగ్గలేదు. బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. బోర్డు రాసేవాడు అక్షరానికింత అని లెక్క కట్టాడు కాబట్టి నా బోర్డు పొట్టిది. విజిటింగ్ కార్డులు వంద చాలన్నాను, ఐదువందలకి తక్కువ వేయనన్నాడు ప్రెస్సువాడు. అవి ఇప్పటికీ ఉన్నాయి, వెనకవైపు కిరాణా చీటీలు రాసుకుంటున్నాను. సెకండ్ హ్యాండ్ స్కూటీ కూడా కొన్నాక చూసుకుంటే పి.ఎఫ్.లో సగం పైగా అయిపోయింది. మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉండింది.

కొన్ని వారాలకు నా ఫోటోతో సర్టిఫికెట్ వచ్చింది. ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, దాని కింద కూర్చున్నాను. మూడు వారాల్లో ముగ్గురు వచ్చారు. ఒకరు ఎట్టయాపురం బస్సు ఎక్కడాగుతుందని అడిగారు. ఒకరు జిరాక్స్ తీస్తారా అన్నారు. మూడోది పక్కింటి ఆవిడ, ఫ్యాను కింద కూర్చోడానికి వచ్చింది.

సంగతేమిటో ఒక లేఅవుట్ కుర్రాడు చెప్పాడు. కుర్రాడంటే ముప్పైఐదేళ్ళ వాడే, ప్లాట్లు అమ్ముతాడు. నేలలు గదికి రావట. విరుదునగర్‌లో బ్రోకర్ల సంఘం ఉంది. ఈ చుట్టుపక్కల ఎక్కడ ఏది అమ్మకానికొచ్చినా ముందు ఆ సంఘం గదిలో మాట పుడుతుంది. సభ్యులు కానివాళ్ళకు బేరంలో చోటివ్వరు, తరగులో పాలు పెట్టరు. తరగంటే బ్రోకరు కూలి. సంఘంలో చేరాలంటే ప్రవేశ రుసుము కట్టాలి, ఇద్దరు సభ్యులు నాకు హామీగా సంతకాలు పెట్టాలి, సభ్యుల ఎదుట ఒక బేరం ముగించి చూపాలి. మొదటి సంతకం, తనూ సభ్యుడే కనుక, ఆ కుర్రాడే పెట్టాడు. రెండోది సంఘం అధ్యక్షుడిదే ఉండాలన్నది రాయని నియమం.

అధ్యక్షుడు మాలాగే ఈ అరవదేశపు తెలుగువాడే, డెబ్భై దాటినవాడు. ఒకప్పుడు మా నాయనతో కలిసి ఎట్టయాపురం సంతలో ఎద్దుల బేరాలు చేశాడు. ఇద్దరివీ ఒకే రకం చారల తుండుగుడ్డలు. సంతలో ధర పైకి చెప్పరు. భుజం మీది తుండు ఇద్దరి చేతుల మీద కప్పి, కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. ఎద్దులు పోయి నేలల కాలం వచ్చింది, అధ్యక్షుడు ఎద్దులు వదిలేశాడు గానీ తుండు వదల్లేదు. సంఘంలో పెద్ద బేరాలు ఇప్పటికీ అలాగే నడుస్తాయి.

విరుదునగర్ బస్సెక్కి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. గదిలో ఆరేడుగురు మగవాళ్ళున్నారు. వాళ్ళతో అరవంలో మాట్లాడుతున్నవాడు నాతో మన తెలుగులోకి దిగాడు.

"మీ నాయన బాగుండాడా?"

"బాగుండాడు మామా."

"ఈ పని నీకెందుకు పాపా? ఆడది తుండు కింద చెయ్యి పెడతాదా? నాలుగు ఊర్ల వాళ్ళు చూస్తారు గదా."

"గాజులమ్మేవాడు చెయ్యి పట్టుకుంటే ఎవురూ ఏమీ అనరే మామా."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "పెట్టినా, నీకు ఆ లెక్క తెలిసేది యెట్ల?"

"తెలుసు" అన్నాను.

నిజంగానే తెలుసు. చిన్నప్పుడు శనివారం సంతకు నాయన నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. తిరుగు బస్సులో, ఆ రోజు బేరం ఎంతకు తెగిందో నా చేతిలో చెప్పేవాడు. పక్కవాళ్ళు వినకూడదని ఒక కారణం, నాకు ఆటగా ఉంటుందని ఒక కారణం. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, చెయ్యంతా పడితే ఐదు. ఐదు పట్టి వదిలి మళ్ళీ ఒక వేలు పడితే ఆరు. వందలా వేలా అన్నది సరుకును బట్టి తెలుస్తుంది. బొటనవేలి గోరు అరచేతిలో నొక్కితే దానికి వేరే అర్థం ఉంది. ఇది బయటికి పోకూడదు, తుండు కిందే ఉండాలని. అప్పుడు అది మా ఇద్దరి రహస్యం అనుకుని మురిసిపోయేదాన్ని. నాయన ఆ గోరు సంతలో ఎవరి చేతిలో, ఎందుకు నొక్కేవాడో నేను అడగలేదు.

"సరి, ఒక బేరం తీసుకురా. నా యెదట ముగించు. సంతకం పెడతా" అన్నాడాయన. నా ఫారం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

బేరం నాకు ఇంట్లోనే దొరికింది. మా మేనత్త, నాయన చెల్లెలు, శివకాశి వైపు ఒక ఊళ్ళో ఉంటుంది. చాలా ఏళ్ళ కిందటే మామ చనిపోయాడు. కొడుకు లోడు ఆటో తోలుతాడు. కోడలు తాయిల్‌పట్టిలో బాణసంచా పనికి పోతుంది. ఆ దిక్కున ఎక్కడైనా చప్పుడు వినిపిస్తే మా అత్త వాకిట్లోకి వచ్చి, కోడలు ఫోను ఎత్తేదాకా లోపలికి పోదు. కోడల్ని ఆ పని మాన్పించి ఊళ్ళో పిండి మిల్లు పెట్టించాలని ఆమె పట్టుదల. దానికని రోడ్డు పక్క రెండెకరాలు అమ్ముతానంది.

"ఎకరా ఆరు లక్షలు వస్తే మిల్లు పాపా" అని వేళ్ళు మడిచి చెప్పింది. "బ్యాంకు అప్పు, ఆటో అప్పు పోయి, మిషనుకి, షెడ్డుకి, కరెంటుకి సరిపోతాది. ఐదు వస్తే అప్పులు తీరేదే. మళ్ళా తాయిల్‌పట్టి వ్యానే."

విరుదునగర్‌లో పప్పుల వ్యాపారి ఒకాయనకు గోడౌను కోసం అక్కడే నేల కావాలి. ఆయన తరఫు బ్రోకరు మా అధ్యక్షుడే. ఇంతకంటే ఏం కావాలి, రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను.

మధ్యాహ్నం పన్నెండింటికి సంఘం గదిలో కూర్చున్నాం. నా పక్క కుర్చీలో అత్త, ఒళ్ళో పత్రాల సంచి. ఎదురుగా వ్యాపారి. గోడ వెంబడి సభ్యులు. అత్తకు అరవం బాగానే వచ్చు గానీ, పెద్దమనుషుల ముందు మాట్లాడదు. ఈ బేరం ముగిస్తే సంతకం, సంతకం ఉంటే సభ్యత్వం, అది లేకపోతే బస్టాండు వెనక గది ఖాళీ చేసి మా ఆయన ముందు తల దించుకోవాలి. పి.ఎఫ్.లో మిగిలిన సగం కూడా అద్దెకింద కరిగిపోతున్నది.

అధ్యక్షుడు ముందు వ్యాపారి చెయ్యి తుండు కింద పట్టుకున్నాడు. కాసేపటికి తల ఊపి, కుర్చీ నా వైపు జరుపుకుని, తుండు మా చేతుల మీద కప్పాడు. ఆయన చెయ్యి గరుకుగా, పొడిగా ఉంది. మొహం ఫ్యాను వైపు పెట్టాడు.

చెయ్యంతా పట్టాడు. వదిలాడు. ఒక వేలు పట్టాడు. ఆరు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. అత్త వైపు తిరగబోతుంటే ఆయన నా చెయ్యి వదల్లేదు. మళ్ళీ చెయ్యంతా పట్టాడు. ఐదు. ఆ తరవాత బొటనవేలి గోరు నా అరచేతిలో నొక్కాడు. తరవాత నా చూపుడువేలు పట్టుకుని మధ్యలోకి మడిచాడు. సగం.

అర్థం కాకపోవడానికేమీ లేదు. కొనేవాడు ఆరిస్తాడు. అమ్మే మనిషికి ఐదని చెప్పాలి. ఎకరాకి ఒకటి లోపలే ఉంటుంది, నీకు సగం నాకు సగం. ఇద్దరికీ చెరొక లక్ష. తరగు కాక. ఆయన మొహం అలాగే ఫ్యాను వైపు ఉంది, జేబులో నా ఫారం అంచు తెల్లగా కనిపిస్తోంది. పెన్ను కూడా పెట్టుకుని వచ్చాడు.

నేనేమీ పెద్ద ధర్మాత్మురాలిని కాను. ఆ క్షణాన లక్ష గుర్తొచ్చింది, అడ్వాన్సు గుర్తొచ్చింది, మా ఆయన అనకుండా మింగిన మాటలన్నీ గుర్తొచ్చాయి. అత్త నా మోచెయ్యి మీద వేలితో తట్టింది, ఎంతట అన్నట్టు. ఆ వేలే లేకపోతే ఏం చేసి ఉండేదాన్నో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

"ఎకరా ఆరు లక్షలు" అన్నాను, అరవంలో, అందరికీ వినబడేట్టు.

తుండు కింది ధర పైకి చెప్పడం మా సంతల్లో ఎవరూ చేయని పని. గోడ వెంబడి ఒక్కరు కదల్లేదు. వ్యాపారికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. "అవును, ఆరే కదా చెప్పాను" అన్నాడు. అత్త సంచి గట్టిగా పట్టుకుని ఏడ్చినంత పని చేసింది. బేరం అక్కడికక్కడే తెగింది. వ్యాపారి అడ్వాన్సు అందించాడు.

అధ్యక్షుడు తుండు తీసి, నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకున్నాడు. జేబులోంచి ఫారం తీసి, మడత విప్పకుండానే నా చేతికిచ్చాడు. కోపం చేసుంటే బాగుండేది. మెల్లగానే అన్నాడు.

"మీ నాయనయితే ఇట్ల చేసుండడు పాపా."

"మా నాయన పేరు ఎత్తద్దు మామా" అన్నాను. "ఆయన ఎవురి కొంపా ముంచినోడు కాదు."

ఆయన టీ చెప్పమని ఎవరికో పురమాయించాడు.

కోపంతోనే మరునాడు ఎట్టయాపురం అవతల మా ఊరికి పోయాను. నాయన వసారాలో మంచం నులక బిగిస్తున్నాడు. ఎనభైకి దగ్గర పడ్డా చేతులు ఊరికే పెట్టడు. జరిగిందంతా చెప్పాను. నిజం చెప్పాలంటే మెచ్చుకుంటాడని చెప్పాను. చెల్లెలి డబ్బు కాపాడాను కదా.

"గట్టిగా చెప్తివా?" అన్నాడు.

"గట్టిగానే చెప్తిని."

"అందరి యెదటా?"

"అందరి యెదటానే. నువ్వయితే ఇట్ల చేసుండవని అనె ఆయన. నాకు ఒళ్ళు మండె."

నాయన నులక లాగి ముడి వేశాడు. ఇంకో వరస లాగాడు. "ఆయన చెప్పింది అబద్దం కాదు" అన్నాడు.

నేను నిలబడే ఉన్నాను.

"మీ మామ పోయినపుడు అత్త ఎద్దుల జత అమ్మేదానికి నా దగ్గరికే వచ్చె. ఆ వారం నీకు కాలేజీలో డబ్బు కట్టల్ల. కట్టకుంటే సీటు పోతాది. వానలు లేవు. నేనెవుర్ని అడిగేది? సంతలో తుండు కింద ఆయన చెయ్యి, నా చెయ్యి. గోరు నొక్కింది నేనే, ఆయన కాదు." నులక వదిలి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "నీ కాలేజీ ఫీజు ఆ ఎద్దులదే తాయీ."

కాలేజీ చదువుతో కంపెనీలో లెక్కల ఉద్యోగం, ఆ ఉద్యోగంతో పి.ఎఫ్., పి.ఎఫ్.తో సర్టిఫికెట్, బోర్డు, ఫ్యాను. బ్రోకరు కావడానికి నా పెట్టుబడి ఎంతైందో అన్నీ వేళ్ళ మీద చెప్పగలననుకున్నాను. అన్నిటికంటే ముందు పెట్టింది మా అత్త, అదీ ఆమెకు తెలియకుండా. నాయన మీద కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. అన్నం తినకుండానే బస్సెక్కాను.

నా తరగు డబ్బు కవరులో అలాగే ఉంది. మిల్లు పెట్టాక, కోడలు తాయిల్‌పట్టి వ్యాను మానేశాక, ఒకరోజు కవరు తీసుకుని అత్త ఊరికి పోయాను. షెడ్డులో మిషను ఆడుతోంది. కోడలు తలకు గుడ్డ కట్టుకుని మిరపకాయలు పోస్తోంది. నేను తుమ్ముతూనే అత్తను బయటికి పిలిచి, ఎద్దుల సంగతి చెప్పి, కవరు చేతిలో పెట్టాను.

"తెలుసు" అంది అత్త.

"యేమి తెలుసు?"

"ఎద్దులు కొన్నోడే రెండు వారాలకి చెప్పె, ఇంతకి కొంటినని. మీ నాయన్ని అడగలేదు నేను. అడిగింటే ఎట్లో తెచ్చి ఇచ్చుండు. నీ చదువు నిలిచిపోయుండు." కవరు తిరిగి నా సంచిలో తోసింది. "కష్టపడి సంపాదించినావు, అద్దె కట్టుకో."

"ఇన్నేళ్ళు నాతో ఒక్క మాట అనలేదే అత్తా."

"అంటే నువ్వు మా ఇంటికి వచ్చుండవు" అంది. పైటకొంగుతో చేతికంటిన పిండి తుడుచుకుంది. "అది పోనీ. నీ సంగం పని ఏమాయె? అందులో చేర్చుకొనిరా?"

"లేదత్తా. రెండో సంతకం కావల. నాకు హామీగా పెట్టేవాళ్ళు ఇంకా ఒకరు దొరకలే."

"హామీ అంటే?"

"ఈమెను నమ్మచ్చని చెప్పి సంతకం పెట్టేది."

మా అత్త మూడో తరగతి. పేరు అరవంలో కూడబలుక్కుని రాస్తుంది. మిల్లులోకి ఒకసారి చూసి, కోడలికి వినబడకుండా గొంతు తగ్గించి, మొహమాటంగా అడిగింది.

"నేను పెడితే చెల్లదా పాపా?"

ఫారం సంచిలోనే ఉంది. సభ్యులు మాత్రమే సంతకం చేయాలని దాని మీద అచ్చులో ఉంది. చెల్లదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఫారం తీసి ఆమె చేతికిచ్చాను, పెన్ను కూడా ఇచ్చాను.